నెమలికోన చూసొచ్చిన జీపీఎస్

నేను ఒక జీపీఎస్ యంత్రాన్ని. సబ్బుబిళ్ళకంటే కాస్త పొడుగు, ఆరు మీటలు, కడుపులో రెండు పెన్సిల్ సెల్లులు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల సంకేతాలు అందుకుని, నేల మీద మీరెక్కడ నిలబడ్డారో చెప్పడం నా పని. సముద్రం అవతల ఏదో కర్మాగారంలో పుట్టాను. ఆ రోజు నాతోపాటు పుట్టినవాళ్ళు నాలుగు వందలమంది. వాళ్ళంతా ఎటు వెళ్ళారో నాకు తెలియదు. ఊరందరికీ దారి చూపే మాకు ఒకరి జాడ ఒకరికి లేదు.

తిరుపతిలో కెమెరాలు అమ్మే ఒక కొట్టులో, అద్దాల బీరువాలో ఎనిమిది నెలలు కూర్చున్నాను. నాకు ఒకవైపు కారులో పెట్టుకునే వెడల్పాటి యంత్రం. మరోవైపు రంగుల తెరతో, వేలితో తాకితే పలికే ఖరీదైన యంత్రం. వచ్చినవాళ్ళ చూపు ఆ తెర దగ్గరే ఆగిపోయేది. దాని ధరలో మూడో వంతుకే వచ్చే నన్ను ఎవరూ పట్టించుకోలేదు.

కోమల వచ్చిన రోజు మాత్రం అలా జరగలేదు. పార్కులో గుండ్రంగా తిరిగి తిరిగి విసుగెత్తిన ఏడుగురు ఆడవాళ్ళను అడవిలోని నెమలికోన జలపాతానికి నడిపించాలని ఆమె పట్టుదల. "నువ్వు ముందు నడిస్తే వస్తాం" అని వాళ్ళన్నారు. ఆ మాట నిలబెట్టుకోవడానికే కొట్టుకొచ్చింది. మా ముగ్గురినీ మిట్టమధ్యాహ్నం ఎండలోకి తీసుకెళ్ళింది. రంగుల తెర నల్లబడి ఆమె ముఖాన్నే చూపించింది. సీసాలో నీళ్ళతో వేళ్ళు తడుపుకుని తాకితే దానికి ఏం చేయాలో తోచలేదు. కారు యంత్రం వైరు పీకితే రెండు గంటలకు మించి ఉండదని కొట్టాయనే ఒప్పుకున్నాడు. నేను మాత్రం ఎండలో ఇంకా తేటగా కనిపించాను. తడివేళ్ళతో నొక్కినా నా మీటలు పనిచేశాయి.

"దీని సెల్లులు ఏ చిల్లర కొట్లోనైనా దొరుకుతాయి కదా?" అని అడిగింది.

పక్కనే నిలబడ్డ భర్త మునిరత్నానికి ఓపిక అయిపోయింది. "వంకాయలు ఏరినట్టు ఏరతా ఉండావేందిమే! ఫోనుంది గదా, అది సాలదా?"

"కోనలో సిగ్నల్ ఉండదు. పటం తెరుచుకోకపోతే మీకు ఫోన్ చేసి దారి అడిగేదా?"

అలా నేను ఆమె సంచిలోకి చేరాను.

కారులో నన్ను స్టీరింగు పక్కన ఒక పీట మీద నిలబెట్టారు. నేను ఎడమకు అంటే, మునిరత్నం బండి ఆపి టీకొట్టు దగ్గర అడిగేవాడు. అక్కడ ముగ్గురు మూడు దిక్కులు చూపించేవారు, ముగ్గురూ అంతే నమ్మకంగా. చివరికి ఆయన ఎడమకే తిప్పి, "టీకొట్టాయన కరెక్టుగా చెప్పినాడు" అనేవాడు.

నా మీద ఆయనకు భక్తి కలిగింది ఒక్కసారే, ఆయుధపూజ రోజు. కారు కడిగి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, నా మూత తీసి లోపలి సెల్లులకు పసుపు, గంధం, కుంకుమ దట్టంగా పట్టించాడు. "శక్తంతా ఈడ్నే గదా ఉండేది" అన్నాడు. కోమల వంటింట్లో గారెల పిండి రుబ్బుతూ ఉంది. ఆమె చూడలేదు.

పది రోజులకు నెమలికోన ప్రయాణం. అడవి గేటు దగ్గర అనుమతి కాగితం చూపిస్తే, కాపలాదారు ఒక్కటే చెప్పాడు: "ఆరు లోపల వచ్చేయాలమ్మా. చీకటి పడితే ఏనుగులు దిగే తావు ఇది."

వెళ్ళేటప్పుడు అడుగడుగూ రాసుకున్నాను. జలపాతం కింద తడిశారు, పులిహోర తిన్నారు. తిరిగొచ్చేటప్పుడు, నాలుగున్నరకు, మూడు బాటలు చీలే చోట కోమల కాలు జారింది. ఆ కుదుపుకు నేను ఆరిపోయాను. తర్వాత వాళ్ళు పదిసార్లు చెప్పుకున్నారు కాబట్టి అక్కడ జరిగింది నాకు తెలుసు.

"ఎడమ పక్కే అక్కా, ఆ బండ నాకు బాగా గుర్తుండాది" అంది సులోచన.

"గుర్తుండదా మరి, దాని మీద కూర్చోని రెండు అరటిపండ్లు తిన్న్యావే! అది కుడి పక్క బండ" అంది విమలక్క.

"ఎవురూ అడుగు తియ్యద్దండి" అంది కోమల. "తలా ఒక బాట పట్టినామంటే అయిపోతాం."

నా మూత తీసింది. లోపల పసుపూ గంధమూ గట్టిగా ఎండి, సెల్లులు తగిలే తీగల మీద పెచ్చు కట్టింది. "ఏం భక్తండీ మీది!" అని అక్కడ లేని మొగుణ్ణి తిట్టుకుని, మెడలో తాళిగొలుసుకు తగిలించుకున్న పిన్నీసు తీసి, ఆ పెచ్చు గీకి, చున్నీతో తుడిచింది. నాకు మెలకువ వచ్చింది.

మెలకువైతే వచ్చింది గాని, నాకు ఆకాశం లేదు. లోతైన కోన, పైన దట్టమైన కొమ్మలు. చోటు చెప్పాలంటే మూడు నాలుగు ఉపగ్రహాలైనా కావాలి, పది నిమిషాలు వెతికినా ఒక్కటి తప్ప అందలేదు. ఎక్కడున్నావని అడిగితే తెలియదని చెప్పాల్సి రావడం నా వంటిదానికి ఎంత సిగ్గో మీరు ఊహించలేరు. వెలుతురు పలచబడుతోంది.

చెట్లకు పైగా తల ఎత్తిన ఒక గుట్ట కోమలకు కనిపించింది. "దాని పైకెక్కి చూసొస్తా. మీరు పాడతా ఉండండి. ఆ గొంతు పట్టుకోనే ఎనక్కి వస్తా."

"ఏం పాడేదక్కా?"

"ఏదైనా. ఆపద్దండి, అంతే."

అందరికీ వచ్చింది ఒక మంగళహారతి, అదీ రెండు చరణాలే. ఆ రెంటినే మళ్ళీ మళ్ళీ ఎత్తుకున్నారు. నన్ను పిడికిట్లో బిగించి కోమల వెళ్ళింది. ఆమె అరచేయి చెమటతో తడిసిపోయింది. పాట సన్నబడింది.

గుట్ట పైన ఆకాశం ఒక్కసారిగా తెరుచుకుంది. రెండు, నాలుగు, ఏడు ఉపగ్రహాలు. మేం పొద్దున వచ్చిన దారి నా తెర మీద దారపుపోగులా మెరిసింది. ఎడమా కాదు, కుడీ కాదు, నడిమి బాట. కోమల కేక వేయలేదు. ముఖం తుడుచుకుని, రెండుసార్లు చూసుకుని, పాట వినిపించే వైపు దిగింది.

అప్పటికి విమలక్క ఒక్కతే పాడుతోంది. "వచ్చినావామే! ఇంకో తూరి హారతిచ్చుంటే కోనలో దేవుడే లేచొచ్చి సాలమ్మా అనేసుండును!"

అయిదూ ముక్కాలుకు ఏడుగురినీ గేటు దాటించింది. బయట కారు దగ్గర మునిరత్నం కాళ్ళు నిలవక తిరుగుతున్నాడు. కోమల నన్ను ఆయన చేతిలో పెట్టి, "ఇకమీద దీనికి దణ్ణం పెట్టండి చాలు, బొట్టొద్దు" అంది.

ఆ తర్వాత ఆ జట్టును ఆమె చాలా కొండలెక్కించింది. ఇప్పుడు పటాలు ముందే దింపుకునే ఫోన్లు వచ్చాయి. నేను బీరువా అరలో విశ్రాంతిగా ఉన్నాను. అప్పుడప్పుడు కోమల సెల్లులు వేసి నెమలికోన దారి తెరుస్తుంది. అందులో నా బాటలన్నీ వంకరలతో సహా ఉన్నాయి, బాటలు చీలిన చోటు నుంచి గుట్ట దాకా తప్ప. నాకు చూపు లేని ఆ చోట రెండు చుక్కలను కలుపుతూ తిన్నని గీత ఒకటి గీసేశాను. అలాంటి దారి అక్కడ లేదు. ముళ్ళలో కోమల ఎటు తిరిగిందో, ఎక్కడ ఆగిందో నా దగ్గర రాసి లేదు. జట్టువాళ్ళు అడిగితే ఆమె కూడా చెప్పదు.

"ఎట్లో ఎక్కినాలే" అంటుంది.