పెత్రమాస నాటి చాయ్

చనిపోయిన పెద్దలకు పెట్టుకునే పెత్రమాస అమావాస్య పొద్దున సుమ మొగుడి చాయ్‌లో రెండు పొట్లాల పొడి కలిపింది. రోజూ ఒకటే కలిపేది. ఇవాళ తిరుపతి కొడకండ్లలో అన్న గట్టయ్య ఇంటికి పోతున్నాడు. గట్టయ్య సీసా ముందర పెట్టుకొని తమ్ముణ్ణి పిలవకుండా ఉంటాడా? అందుకే రెండు.

పొడికి రంగు లేదు, రుచి లేదు. జనగామ అంగట్లో సంచి తగిలించుకొని తిరిగే మనిషి ఇచ్చాడు. "తాగుడు మానిపిస్తది బిడ్డా. మొగనికి మాత్రం చెప్పొద్దు, చెప్తే పనిచెయ్యది" అన్నాడు. ఎంత సుఖమైన షరతో చూడండి! సుమ ఎవరికీ చెప్పలేదు.

పొడి మొదలుపెట్టిన మూడో రోజే తిరుపతి తాగొచ్చి, మొహం కందగడ్డ చేసుకొని, పేగులు బయటపడేలా కక్కాడు. గుండె పట్టుకొని తెల్లవార్లూ కూర్చున్నాడు. లివర్ పోయిందనుకున్నాడు పాపం. ఆ భయంతోనే దవాఖాన గోడ మీది నంబరుకు తనంతట తానే ఫోన్ చేశాడు. తాగుడు మానినవాళ్లు ఆదివారం ఆదివారం బడి వెనక గదిలో కూర్చుంటారని తెలుసుకొని, పోవడం మొదలుపెట్టాడు. ఐదు వారాలుగా ఇంట్లో కంచం ఎగరలేదు. అదంతా తన పొడి చలవేనని సుమ లోలోపల మురిసిపోతోంది.

తిరుపతి చాయ్ తాగి గ్లాసు కింద పెట్టాడు. "ఇయ్యాల ఆదివారం, బడికాడికి ఇంటోళ్లను గూడ రమ్మన్నరు. నువ్వు ముందుగల్ల పొయ్యి కూసో. నేను బాపు పేర్న పెద్దలకు పెట్టి, సాక పోసి, మూడు గంటల వరకు వచ్చేస్త."

"మీ అన్న తాగుమంటె?"

"తాగ. నా మాట నమ్మవేందే?"

"నమ్మిన, పో" అంది సుమ. గ్లాసు మాత్రం రెండుసార్లు కడిగింది. బావతో మాటపట్టింపై రెండేళ్లుగా ఆమె ఆ గడప తొక్కడం లేదు.

మూడైంది. బడి వెనక గదిలో పదిమంది ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. పక్క కుర్చీలో చేతిసంచి పెట్టి, మొగుడి కోసం ఆపింది సుమ. ఇంటివాళ్లతో మాట్లాడే ఊర్మిళ లేచి నిలబడింది. నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు.

"నా పేరు ఊర్మిళ. నా మొగడు తాగుబోతు. గని ఆయన సచ్చింది తాగుడుతోని కాదు, నాతోని. అంగట్ల పొడి కొన్న. చెప్పకుండ కూరల కలిపిన. పెండ్లికి పొయ్యి తాగిండు. ఆ పొడి ఒంట్ల ఉన్నప్పుడు సారా పడితె ఇసమైతదని నాకెరుక లేదు. మొహం ఎర్రగయ్యింది, ఊపిరి ఆడలె, పడిపోయిండు. ఏమన్న మందులు వాడుతుండా అని డాక్టర్ అడిగిండు. మొగనికి పొడి పెట్టిందంటరని నేను నోరు తెరువలె. చెప్తే బతుకుతుండెనేమో. పన్నెండేండ్లాయె, గదే ఆలోచన నాకు."

సుమ లేచి నిలబడింది. "అక్కా, జరంత తాగినా గట్లయితదా?"

ఊర్మిళ ఆమె వైపు అదోలా చూసింది. సుమ ఫోన్ పట్టుకొని వరండాలోకి ఉరికింది. మూడోసారికి తిరుపతి ఎత్తాడు.

"వస్తున్ననే! వంట లేటైంది, సాక ఇప్పుడే పోసినం. అన్న ఎంత బలవంతం జేసిండో తెల్సా? ముట్టలె. నీ మీద ఒట్టు."

హమ్మయ్య అనుకుంది. అంతలోనే సాక మాట గుర్తొచ్చింది. సాక అంటే పెద్దలకు ఇష్టమైన సారా నేల మీద పోయాలి, గ్లాసులో మిగిలింది పోసినవాడే తాగాలి. అది ఆనవాయితీ. కాదంటే చచ్చినవాళ్లను కాదన్నట్టే. దాన్ని తాగుడని అక్కడ ఎవరూ అనరు. ఐదు వారాలుగా నిష్ఠగా ఉన్న తిరుపతికీ తట్టలేదు, రెండో పొట్లం విప్పిన ఈ మహాతల్లికీ తట్టలేదు!

"గిలాసల మిగిలింది?"

"తాగిన. బాపుది గద, అది లెక్కనా ఏంది? సగం గిలాసనే… సుమా, జర ఉక్క పోస్తందే. మొహం మండుతంది. మల్ల అప్పటి లెక్కనే…"

అవతల ఫోన్ దేనికో తగిలి పడింది. ఆడవాళ్ల కేకలు వినిపించాయి. తర్వాత గట్టయ్య గొంతు. "పిల్లా, వీడు పడిపోయిండు. సాకల ఏదో తప్పు జరిగింది, పెద్దలు కోపానికొచ్చిండ్రు. నిమ్మకాయలు తెమ్మన్న, దిగదుడుస్త."

సుమ వెనక్కి తిరిగి చూసింది. ఊర్మిళ గుమ్మంలో నిలబడి ఉంది.

"బావా, పెద్దలు కాదు. నేను. పొద్దుగాల చాయ్‌ల పొడి కలిపిన. దవాఖానకు తీస్కపో. డాక్టర్‌కు గదే చెప్పు."



"ఏం కలిపినవ్?" అన్నాడు గట్టయ్య. ఇందాకటి గొంతు కాదది. "మల్ల చెప్పు. గట్టిగ చెప్పు, ఇక్కడ అందరు వింటున్నరు."

సుమ గట్టిగానే చెప్పింది. ఏం పొడి, ఎక్కడ కొన్నది, ఎన్ని పొట్లాలు, అన్నీ చెప్పింది. అవతల ఎవరో ఆమెను తిట్టడం మొదలుపెట్టారు.

"ముందుగల్ల బండి తియ్యి బావా!" అని అరిచింది. "నన్ను తర్వాత సంపుదురు గని."