ఆదివారం అదరని కొండ

కొండవాలు ఇళ్లన్నీ ఖాళీ చేయాలని నోటీసు వచ్చింది. భూకంపాల ముప్పు ఉందట. ఆ భూకంపాల లెక్కలు కట్టే ఆఫీసులోనే పనిచేసే చెల్లెలు, సాయంత్రం కాళ్లీడ్చుకుంటూ అక్క ఇంటికి వచ్చింది. వంటింటి గోడకు పడ్డ బీటలో అక్క పాతగుడ్డలు కుక్కుతోంది.

"నీ లెక్కలేమంటున్నాయే? మమ్మల్ని ఏ గంగలో దూకమంటున్నాయి?"

"ఏడాది ప్రకంపనలన్నీ ఏ రోజు, ఏ గంటకు వచ్చాయో పేర్చి చూశానక్కా. అన్నీ మధ్యాహ్నం భోజనాల వేళే. ఆదివారం ఒక్కటీ లేదు."

"భూమికి ఆదివారం సెలవేమిటే? ఆ సెలవు పైనున్న క్వారీకి! కూలీలు తిండికి దిగాకేగా క్వారీవాళ్లు మందు పెట్టి రాళ్లు పేల్చేది."

"అదే మా సారుకు చెప్పాను. ఆదివారాలు కనపడకుండా నెలకో మొత్తంగా కలిపెయ్యమన్నాడు. మీరు కదిలితే క్వారీకి ఇక అడ్డెవరు?"

"కలిపేశావా?"

"లేదు. వాదించి వాదించి గొంతు పోయింది. రేపూ ఆదివారాలు కనపడే కాగితమే ఇస్తా."

"ఉద్యోగం ఊడితే?"

"నీ ఇల్లుందిగా, వచ్చి పడతా."

"ఓహో, ఈ పోట్లాటంతా అందుకా!"

అక్క నవ్వలేక నవ్వింది. గుడ్డలు చాలలేదు. నోటీసును నాలుగు మడతలు పెట్టి బీటలో కుక్కింది.