నాలుగుంపావు దగ్గర ఆగిన వాచీ

బోడిగుట్టపల్లె కదిరప్ప స్టూడియో మెట్లెక్కి వచ్చేసరికి అతని చేతిలో వారపత్రిక కర్రలాగా గట్టిగా చుట్టి ఉంది. కొట్టడానికే వచ్చినట్టున్నాడు. కొట్టలేదు. బల్ల మీద పత్రిక పరిచి, మధ్య పేజీ తెరిచి, దాని మీద వేలు పెట్టాడు.

"ఏమప్పా శ్రీరంగప్పా, ఇవి నువ్వు తీసినేవే గదా."

"నేను తీసినేవే."

"వీటిని చూసి మా ఊరికి కరువు పని నిలిపేసినారు."

శ్రీరంగప్ప నవ్వబోయాడు. ఎవరేం చెప్పినా ముందు నవ్వు రావడం అతనికి అలవాటు. కదిరప్ప కళ్ళు చూసి ఆగిపోయాడు.

అది 1983 ఏప్రిల్, ఆదివారం పొద్దున. కదిరి బస్టాండు ఎదురు వీధిలో శ్రీరంగప్ప స్టూడియో పెట్టి అప్పటికి పదిహేనేళ్ళు. మొదట్లో పెళ్ళిళ్ళు, పాసుపోర్టు ఫొటోలు తప్ప అతనికి వేరే పని లేదు. డెబ్భై రెండులో కరువొచ్చినప్పుడు ఒక మధ్యాహ్నం వేపచెట్టు కింద కానిస్టేబులు నిద్రపోతూ కనిపించాడు. అతని ఒళ్ళోని అర్జీలను ఒక మేక ఒకటొకటిగా నములుతోంది. శ్రీరంగప్ప ఒక్కసారి మీట నొక్కాడు. ఆ ఫొటో హైదరాబాదు వారపత్రికలో అచ్చయింది. అప్పటి నుంచి నెలకో పేజీ అతనిదే. మంగలి అద్దంలో తన ముఖం చూసుకుంటున్న ఎనుము, బస్సు టాపు మీద పొట్టేళ్ళ మధ్య బాసికంతో కూర్చున్న పెళ్ళికొడుకు, ఓటేసిన వేలిని ఎవరికీ తాకకుండా ఎత్తిపట్టుకుని ఊరంతా తిరిగిన ముసలామె. అతనెవరినీ ఇట్లా నిలబడు, అట్లా చూడు అనేవాడు కాదు. నవ్వు దానంతటది వచ్చేదాకా కూర్చునేవాడు.

ఫిబ్రవరిలో బోడిగుట్టపల్లెలో కూడా అతను చేసింది అంతే.

గోరంట్ల దారిలో బస్సు దిగి మూడు మైళ్ళు నడిస్తే వచ్చే ఊరు అది. ముప్పై ఒక్క ఇళ్ళు. "ఒక్కో వాకిట్లో ఆ ఇంటోళ్ళను ఒక ఫొటో తీస్తా" అన్నాడు శ్రీరంగప్ప. అంతే, ఊరు చెదిరిన తేనెపట్టులా అయింది. ఫొటో అంటే మంచి బట్ట కట్టాలి. చేతికి వాచీ ఉండాలి. అట్లా లేకుండా ఫొటోలో నిలబడటం ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు.

కానీ ఆ ఊళ్ళో మంచి చొక్కా ఒకటే ఉంది. కదిరప్ప పెళ్ళికి కుట్టించుకున్న తెల్ల టెర్లిన్ చొక్కా అది. పట్టుచీరా ఒకటే ఉంది, తిమ్మక్కది. ధర్మవరంలో మగ్గాల దగ్గర రెండేళ్ళు దారం చుట్టినప్పుడు, నేతలో తప్పొచ్చిన చీరను సావుకారి ఆమెకే ఇచ్చేశాడు. అంచు పొడుగునా హంసలు. కొంగు దగ్గర ఒక హంసకు మాత్రం తల లేదు. వాచీ కూడా ఒకటే, సుంకప్పది. ఏడేళ్ళ కింద నీళ్ళు తోడుతుంటే బావిలో పడింది. పైకి తీశారు గాని మళ్ళీ నడవలేదు. నాలుగుంపావు దగ్గర ఆగిపోయింది.

ఆ రోజంతా శ్రీరంగప్పకు కలలో తిరిగినట్టే ఉంది. ఎండ పాలలా తెల్లగా పరుచుకుంది. అతను ఒక వాకిలి నుంచి ఇంకో వాకిలికి వెళ్ళేలోగా, గోడల మీదుగా తెల్ల చొక్కా కొంగలాగా ఎగిరి ముందే అక్కడికి చేరేది. చీర సందుల్లోంచి జారి వెళ్ళేది. వాచీ చేతి నుంచి చేతికి, పెద్దన్న నుంచి ఓబులేసుకు, ఓబులేసు నుంచి అంజనమ్మ మొగుడికి. అందరూ ఏమీ ఎరగనట్టు నిటారుగా నిలబడ్డారు. అతనూ ఏమీ ఎరగనట్టు తీశాడు. లోపల మాత్రం పొట్ట పట్టుకుని నవ్వుకున్నాడు. పొద్దున పొడుగ్గా ఉన్న నీడలు మధ్యాహ్నం కాళ్ళ కిందికి వచ్చి, సాయంత్రం మళ్ళీ సాగాయి. ముప్పై ఒక్క ఫొటోల్లోనూ వాచీలో టైము నాలుగుంపావే.

అన్నీ వరసగా వేయమని పత్రికకు రాశాడు. పక్కపక్కన చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, నవ్వొస్తుంది, ఆ నవ్వు వెనకాలే కరువూ కనిపిస్తుంది. అదీ అతను అనుకున్నది. పత్రికవాళ్ళు తొమ్మిదే ఏరి, అగ్గిపెట్టెలంత చేసి, ఊరి పేరు రాసి, పైన 'కరువులోనూ కళకళ' అని పెట్టారు. అంత చిన్న బొమ్మల్లో టైమెక్కడ కనిపిస్తుంది, హంస తలెక్కడ కనిపిస్తుంది. తెల్ల చొక్కాలు, పట్టుచీరలు, వాచీలు. అంతే.

"పని చూసేకి వచ్చిన ఆఫీసరు పత్రిక తీసి చూపించినాడు" అన్నాడు కదిరప్ప. "మీ ఊళ్ళో ప్రతి మొగోనికీ వాచీ ఉండాది, మీకి కరువేందయ్యా అన్నాడు. సుంకప్ప మామ వాచీ తీసుకపోయి చూపిచ్చినాడు. చెడిపోయిన వాచీ ఒగటి తెస్తే నేను నమ్మాల్నా అన్నాడు."

"మరి ఇప్పుడు?"

"బేస్తవారం ఢిల్లీ నుంచి సార్లు కదిరి బంగళాకి వస్తాండారంట. పని ఇచ్చే ఊర్ల పట్టీ ఆ పొద్దే ఖాయం. మా ఊరు దాంట్లో లేకపోతే శుక్రవారం ఇండ్లకు తాళాలేసి బెంగళూరు బస్సెక్కల్ల. ముప్పై ఒక్క ఇండ్లు."

శ్రీరంగప్ప లేచి నెగటివ్‌ల డబ్బా తీశాడు. కిటికీ వెలుగుకు ఫిలిం పట్టి చూశాడు. నల్ల మొహాలు తెల్లగా, తెల్ల చొక్కా నల్లగా. ఆ చొక్కా జేబు మీద ఇంకు మరక ప్రతి దాంట్లోనూ ఉంది.

"అన్నిటినీ పెద్దవి చేసి వాళ్ళ ముందర పెడతా. ఒకే చొక్కా, ఒకే వాచీ. గుడ్డోడికి గూడా తెలుస్తాది."

కదిరప్ప పత్రికను మళ్ళీ చుట్టాడు.

"మా ఊరికంతా ఒగటే చొక్కా అని ఢిల్లీ దాకా చెప్తావా?"

"అది నిజమే గదా అన్నా."

"నిజమే. ఆ పొద్దు నీకి తెలుసు, మాకి తెలుసు. నువ్వు కండ్లు మూసుకున్నావు, మేము తల ఎత్తుకుని నిలబడినాము. ఇప్పుడు పదిమంది ముందర మా చొక్కా విప్పుతానంటాండావు. అడిగేది నన్ను గాదు. ఊరిని అడుగు."

మధ్యాహ్నం బస్సుకే ఇద్దరూ బయలుదేరారు. పని ఆగిపోయిన చెరువు కట్ట మీద జనం గుంపుగా కూర్చుని ఉన్నారు. చెరువులో పగిలిన మట్టి పెంకుల మీద ఎండమావి ఊగుతోంది. దూరం నుంచి చూస్తే చెరువు నిండినట్టే ఉంది. శ్రీరంగప్ప నిలబడి సంగతంతా చెప్పాడు. తప్పు తనదేనన్నాడు. నవ్వు పంచుదామనుకున్నానన్నాడు.

పెద్దన్న తల దించుకున్నాడు. ఆడవాళ్ళ గుంపుకు మేస్త్రీగా ఉండే తిమ్మక్క అన్నీ విని అడిగింది.

"ఆ పొద్దు నీకి అంతా తెలుసు. లోపల నగతాంటివి. అవునా?"

"అవునక్కా."

"మమ్మల్ని చూసి నగతాంటివా, మాతో నగతాంటివా?"

శ్రీరంగప్ప నోరు తెరిచాడు. పదకొండేళ్ళుగా ఆ ప్రశ్న అతన్నెవరూ అడగలేదు.

"తెలీదు" అన్నాడు.

"తెల్సుకుందాం అయితే. ఫొటోలు పెట్టు. కాకపోతే నువ్వు గూడా ఆ చొక్కా తొడుక్కోని, ఆ వాచీ కట్టుకోని నీ అంగడి వాకిట్లో నిలబడల్ల. మా వరసలో ఆఖరున నీ ఫొటో. తీసేది నేను."

కట్ట మీద మొదట నవ్వింది సుంకప్ప. పళ్ళు లేని నోటితో, చేతిలో వాచీ ఊపుతూ. తర్వాత ఓబులేసు. తర్వాత అందరూ. కదిరప్ప లేచి ఇంటికెళ్ళి చొక్కా మడతతో తిరిగొచ్చాడు.

"చిరగకుండా తొడుక్కో. నీ పొట్ట చూస్తే నాకి భయమైతాంది" అన్నాడు.

ఇక మిగిలింది మూడు రోజులు. అడ్డం నీళ్ళ దగ్గర వచ్చింది. ముప్పై రెండు పెద్ద ఫొటోలు కడగాలంటే బిందెలకు బిందెలు కావాలి. కదిరిలో కొళాయి వారానికొకసారి వస్తోంది. అది మళ్ళీ వచ్చేది శుక్రవారమే. సోమవారం సాయంత్రానికి స్టూడియోలో తాగే కుండ తప్ప ఇంకేమీ లేదు.

మంగళవారం పొద్దున బస్సు టాపు మీంచి ఏడు బిందెలు దిగాయి. మూతులకు తడి గుడ్డలు కట్టి ఉన్నాయి. వెనకాలే తిమ్మక్క, అంజనమ్మ.

"మీకే తాగేకి లేవు గదక్కా."

"తోటల బోరింగు కాడ తెల్లార్లూ కూర్చోని పట్టినాము. మా మొగాలు మేము కడుక్కునేకి నీళ్ళు నువ్వేమిటికి తేవల్ల" అంది తిమ్మక్క.

చీకటి గదిలో ఎర్ర దీపం కింద ముగ్గురూ తొట్టి మీదికి వంగారు. తెల్ల కాగితం మీద మొదట ఏమీ లేదు. తర్వాత నీళ్ళ అడుగునుంచి ఒక వాకిలి తేలింది. చొక్కా తేలింది. చొక్కాలో పెద్దన్న నిలబడి ఉన్నాడు. అంజనమ్మ ఇంకా కిందికి వంగింది. బావిలోకి తొంగి చూసినట్టుంది ఆమెకు, లోపల ఊరంతా ఉన్నట్టు, ఒక్కొక్కరే పైకి లేస్తున్నట్టు. ఎంతమంది వచ్చినా వాళ్ళ చేతిమీద అదే సాయంత్రం. నీళ్ళున్న బావిలో వాచీ పడ్డ సాయంత్రం.

"సుంకప్ప మామ బావిలో నీళ్ళు ఇట్లే ఉండేవి" అంది ఆమె మెల్లగా.

ఫొటోలు కడిగిన నీళ్ళను తిమ్మక్క బయట చెట్టుకు పోయబోతే శ్రీరంగప్ప ఆపాడు. మందు కలిసిన నీళ్ళు చెట్టుకు కూడా పనికిరావన్నాడు. ఆమె నమ్మలేనట్టు ఆ బిందె వైపు చాలాసేపు చూసింది.

బుధవారం మధ్యాహ్నం ముప్పై రెండోది. టెర్లిన్ చొక్కాకు మూడు గుండీలు పట్టలేదు. శ్రీరంగప్ప స్టూడియో వాకిట్లో నిలబడి, వాచీ కనిపించేలా చెయ్యి ముందుకు పెట్టుకున్నాడు. వీధిలోవాళ్ళంతా చేరారు. జీవితంలో మొదటిసారి అతనికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తల ఎత్తాడు. పొట్ట లోపలికి పీల్చాడు. ముప్పై ఒక్క వాకిళ్ళలో వాళ్ళెట్లా నిలబడ్డారో అట్లాగే నిలబడ్డాడని తనకే తెలిసింది.

"నగద్దు" అంది తిమ్మక్క, కెమెరా వెనకనుంచి. నొక్కింది.

బేస్తవారం పదకొండు గంటలకు బంగళా వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తాడు కట్టి, బట్టలు ఆరేసినట్టు ఫొటోలు వేలాడదీశారు. పత్రిక చూపించి పని నిలిపేసిన ప్రత్యేకాధికారికి కోపమొచ్చింది. "ఇదేం సంత?" అన్నాడు. తీయించేలోపే ఢిల్లీ అధికారి జీపు దిగాడు. సన్నటి మనిషి, మందం కళ్ళద్దాలు. చేతులు వెనక్కి కట్టుకుని తాడు వెంట నడిచాడు. ముఖంలో ఏమీ లేదు.

ఒకటి. రెండు. మూడు. కట్ట మీది జనమంతా బంగళా గేటు బయట నిలబడి అతని వీపునే చూస్తున్నారు.

ఎనిమిదో ఫొటో దగ్గర అతను ఆగాడు. వెనక్కి వచ్చాడు. మొదటిది చూశాడు. మళ్ళీ ఎనిమిదోది చూశాడు. జేబు మీది ఇంకు మరక మీద వేలు పెట్టాడు. తర్వాత ప్రతి ఫొటోలోనూ మణికట్టునే చూస్తూ నడిచాడు, గబగబా, తర్వాత నెమ్మదిగా. ప్రత్యేకాధికారి అతని వెనకే వచ్చి చీర అంచు దగ్గర వంగాడు. తల లేని హంస. పక్క దాంట్లోనూ తల లేని హంస. అతను జేబులోని పత్రిక బయటికి తీసి, అగ్గిపెట్టె బొమ్మలను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, మళ్ళీ మడిచాడు.

ముప్పై రెండో ఫొటో ముందు ఢిల్లీ అధికారి గట్టిగా నవ్వాడు. గుండీలు పట్టని చొక్కాలో బొమ్మలా బిగుసుకుపోయిన ఫొటోగ్రాఫరు. గేటు బయట ఊరు కూడా నవ్వింది. శ్రీరంగప్ప ఆ నవ్వు రెండు వైపులా విన్నాడు. తిమ్మక్క అడిగిన ప్రశ్నకు జవాబు అప్పుడు దొరికినట్టనిపించింది.

ఢిల్లీ అధికారి ఏదో అడిగాడు. ప్రత్యేకాధికారి గేటు వైపు తిరిగి తెలుగులో అన్నాడు.

"ఈ వాచీ ఎందుకు ఆగిందని అడుగుతున్నారు."

సుంకప్ప ముందుకొచ్చాడు. "బాయిలో పడినాది సారూ. నీళ్ళు తోడేటప్పుడు."

"ఆ బావిలో ఇప్పుడు నీళ్ళెంత?"

"ఇప్పుడు దాంట్లో పడితే వాచీ ఆగదు సారూ. పగుల్తాది."

ఢిల్లీ అధికారికి ఆ మాట తర్జుమా చేసి చెప్పడానికి ప్రత్యేకాధికారికి కొంచెం సేపు పట్టింది. వరండాలో ఎవరూ నవ్వలేదు. తాడు మీద ఫొటోలు గాలికి ఒకేసారి ఊగాయి. ప్రత్యేకాధికారి పట్టీ తెప్పించుకుని బల్ల మీద పెట్టి, తన కలంతో తానే అడుగున ఊరి పేరు రాశాడు. ముందు కొట్టేసిన పేరు పైన సంతకం కూడా పెట్టాడు.

శుక్రవారం బెంగళూరు బస్సు బోడిగుట్టపల్లె వాళ్ళెవరూ లేకుండానే వెళ్ళింది.

తర్వాత ఆ ఫొటోలు బెంగళూరుకు, బొంబాయికి, ఢిల్లీకి ప్రదర్శనలకు వెళ్ళాయి. ఎవరు ఎక్కడ పెడతామన్నా శ్రీరంగప్ప ఒకటే అడిగేవాడు. ముప్పై రెండూ ఉండాలి, ఒకే వరసలో ఉండాలి, ఆఖరుది తీసేయకూడదు.

కానీ అదంతా తర్వాతి మాట. పని మళ్ళీ మొదలైన ఆ సోమవారం అతను కెమెరా భుజాన వేసుకుని చెరువు కట్టకు వెళ్ళాడు. ఎర్రటి దుమ్ములో గంపలు కదులుతున్నాయి. మనుషులు నీళ్ళలో నడుస్తున్నట్టు నెమ్మదిగా ఎండమావిలో నడుస్తున్నారు. పనిలో ఉన్నవాళ్ళను ఉన్నట్టే తీద్దామని కెమెరా ఎత్తాడు.

"ఉండప్పా, ఉండు" అని అరిచింది తిమ్మక్క. గంప దించింది. కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇట్లనా తీసేది. ఒరే కదిరప్పా, చొక్కా యాడ?"

"ఇంటికాడుండాది. తెస్తా."

కదిరప్ప ఊరి వైపు పరుగెత్తాడు. శ్రీరంగప్ప కెమెరా దించి రాయి మీద కూర్చున్నాడు. కట్ట ఆ చివర సుంకప్ప వాచీ విప్పాడు. అది మట్టి చేతుల మీదుగా, ఒకరి నుంచి ఒకరికి, మెల్లగా ఇటే వస్తోంది.

అందులో టైము నాలుగుంపావు. తొందరేమీ లేదు.