కామాగారి కంప్యూటర్

అచ్చాఫీసులో ఆయన్ని అందరూ కామాగారు అనేవారు. తప్పిపోయిన కామా ఎక్కడ నక్కినా కళ్ళలో ఒత్తులేసుకుని పట్టుకునే ప్రూఫ్ రీడర్‌కి అంతకన్నా బిరుదేం కావాలి? ఆ రోజుల్లో ప్రూఫు ఇద్దరు చూసేవారు. ఒకరు రాతప్రతిని కామాలు, ఫుల్‌స్టాపులతో సహా పైకి చదవాలి. ఇంకొకరు అచ్చులో సరిచూడాలి. ఇంటికి తెచ్చుకున్న ప్రూఫులకి చదివే పని కూతురిది. చిన్నపిల్ల కామా మింగేస్తే ఆయన వేలితో బల్ల మీద టక్కున కొట్టేవాడు.

ఇప్పుడు ప్రూఫులు కంప్యూటర్‌లోకే వస్తున్నాయి. కళ్ళే, పాపం, ఆయన మాట వినడం మానేశాయి. ఏ అక్షరం మీద చూపు నిలిపితే ఆ అక్షరమే మాయమవుతోంది.

ఈ సంగతి కంటి ఆసుపత్రిలో తప్ప ఎవరికీ తెలియదు. అక్కడి నర్సమ్మే ఒక ప్రోగ్రామ్ పెట్టించింది. స్విచ్ వేయగానే తనంతట తానే మొదలై, తెర మీదున్నది చెవిలో చదువుతుంది. మాట తడబడినచోట తప్పుందని ఆయన పట్టేస్తాడు. హెడ్‌ఫోన్లు చూసి భార్య, ఈ వయసులో పాటల పిచ్చేమిటని ఆటపట్టించేది. ఆయన కూనిరాగం కూడా తీసేవాడు. నటనలో మాత్రం మనిషి ఎక్కడా తగ్గలేదు.

చెప్పేస్తే పోలేదా అనిపిస్తుంది మనకి. కానీ చూపు లేని ప్రూఫ్ రీడర్ చేతిలో పుస్తకం ఎవరు పెడతారు? ఆ పని పోతే తానేమిటో ఆయనకే తెలియదు. ఆ భయంతోనే నోరు కుట్టేసుకున్నాడు.

రెండు రోజులు ఉందామని ఆదివారం కూతురు వచ్చింది. కంప్యూటర్ నత్తనడక చూసి ఆమెకు ఒళ్ళు మండింది. స్విచ్ వేస్తే చాలు, పిలవని చుట్టాల్లా సవాలక్ష ప్రోగ్రాములు వచ్చి కూర్చుంటున్నాయని, అక్కర్లేనివి మొదలవకుండా ఆపేస్తానని కుర్చీ లాక్కుంది. ఒక్కో పేరూ చదివి కావాలా వద్దా అని అడిగింది. ఎప్పుడో పారేసిన ప్రింటర్‌ది, మనవడు ఎక్కించిన ఆటది, అన్నిటికీ ఆయన వద్దన్నాడు. హెడ్‌ఫోన్లలో ఆ గొంతు సన్నగా గొణుగుతుంటే వాటిని ఒళ్ళోకి తీసుకుని చేతులతో కప్పేశాడు.

"ఇదేంటి నాన్నా? తెర మీదది చదివి వినిపిస్తుందట. చూపు లేనివాళ్ళ కోసం."

కావాలని అంటే, ఎందుకని అడుగుతుందని ఆయన భయం.

"నాకెందుకమ్మా? ఆపెయ్."

ఆపేసి, కంప్యూటర్‌ని మళ్ళీ స్టార్ట్ చేసి చూపించింది. చిటికెలో తెరుచుకుందట. బ్రహ్మాండంగా ఉందని ఆయన మెచ్చుకున్నాడు. చేతుల కింద గొంతు ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్న స్విచ్ వేసి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. నిశ్శబ్దం. ఆ ప్రోగ్రామ్‌ని చేత్తో మొదలుపెట్టడం ఆయన ఎన్నడూ నేర్చుకోలేదు. ముక్కు తెరకి ఆనించి, మెడ వంచి పక్కచూపుతో ప్రయత్నించాడు. తెల్లటి వెలుగు తప్ప ఏమీ లేదు. పిల్లల పుస్తకం చివరి ప్రూఫు మధ్యాహ్నానికల్లా వెళ్ళాలి. తప్పుల్లేవని చెప్పి పంపేస్తే ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచన వచ్చినందుకే ఆయనకి సిగ్గేసింది. చదవని పేజీని ఆయన ఇన్నేళ్ళలో ఒక్కసారీ గడప దాటనివ్వలేదు.

కూతుర్ని పిలిచాడు.

"నిన్న ఆపించానే, ఆ చదివేది. అది నాకే తల్లీ. నాకు కనబడట్లేదు."

ఆమె హెడ్‌ఫోన్ల వైపు చూసింది. పాటలు కావన్నమాట. మౌస్ అందుకుంది గానీ, కళ్ళ నిండా నీళ్ళతో ఆమెకీ తెర కనబడలేదు.

"ఆఫీసువాళ్ళకి చెప్పాలి నాన్నా," అంది.

"చెప్తాను. ముందు ఈ ప్రూఫు వెళ్ళాలి."

ఆమె కళ్ళు తుడుచుకుని పక్కన కూర్చుంది. చిన్నప్పటిలాగే, కామాలు, ఫుల్‌స్టాపులతో సహా పైకి చదవడం మొదలుపెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. రెండో పేజీలో ఒకచోట ఆయన వేలు బల్ల మీద టక్కుమంది.

తానే మింగేశాననుకుని ఆమె తెర మీదికి వంగింది.

"ఇక్కడ కామా లేదు నాన్నా."

"ఉండాలి," అన్నాడాయన. "పెట్టు."