తెరతాడు

నాటకశాల తెరవాడు కప్పీలో చుక్క నూనె వేసి, తిప్పి చూశాడు. కిర్రుమనలేదు. నిచ్చెన దిగి తెరతాడుకు మైనం రుద్దసాగాడు. చెయ్యి పట్టేచోట పువ్వుల గుడ్డ తొడుగు ఉంది. అరచేతులు ఒరుసుకుపోతున్నాయని, పెళ్లయిన కొత్తలో భార్య దిండుగలీబు చింపి కుట్టిచ్చింది.

"సాయంత్రం ఇస్త్రీ తొందరగా ముగించుకో. ముందు వరసలో కుర్చీ అడిగాను," అన్నాడు.

అక్కడే వేషాల బట్టలు ఇస్త్రీ చేసే ఆమె, రాజుగారి కోటు మడతలు తీస్తూ తలెత్తలేదు. "పెళ్లయినప్పటినుంచీ చెబుతున్నారు. నా పళ్లూడేలోగా చూపిస్తారా?" అంది. మధ్యాహ్నానికే కాటుక పెట్టుకుని కూర్చుంది.

ఆమె వినాలనుకున్నది, చివరి అంకంలో బాణం తగిలిన రాజు పాడే పాట. అసలది కచేరీలో కూర్చుని తీరిగ్గా విస్తరించే రాగం. నాటకాలకు పాటలు కడుతున్నాడని ఒక విద్వాంసుణ్ణి తోటివాళ్లు వెలివేస్తే, ఆయన ఆ రాగాన్ని తెచ్చి చచ్చిపోయే రాజు నోట పెట్టాడట. కచేరీ గుమ్మం తొక్కని బండివాళ్లూ చాకిరీవాళ్లూ టికెట్టు కొనుక్కుని విని, మర్నాడు పనిలో కూనిరాగం తీసేవారట. ఇదంతా రాజు వేషం కట్టే ముసలి గాయకుడు చెప్పిందే. రాగం పేరడిగితే తెరవాడు తెల్లమొహం వేస్తాడు. అతని అరచేతికి మాత్రం తెలుసు. పాట పైకెక్కి, తడబడి, మెట్టుమెట్టుగా దిగి మొదటి స్వరం మీద వాలగానే పిడికిలి దానంతటదే వదులై తెర దిగుతుంది.

అంతలో కొత్త మేనేజరు వచ్చాడు. "ఇవాళ్టినుంచి రాజు పాట రెండు పంక్తులు కాగానే తెర దించెయ్. బాణం తగిలినవాడు అంతసేపు పాడతాడా? ఆ ఓపికుంటే వైద్యుడి దగ్గరికి నడిచే పోవచ్చు. జనానికి ఆఖరి బస్సు దొరకాలి."

"రాజుకి చావాలని లేదు సార్. అందుకే పాడతాడు."

"నీకు ఉద్యోగం చెయ్యాలని ఉందా, లేదా?"

అతను మళ్లీ తాడుకు మైనం రుద్దసాగాడు.

ఆట చివరికొచ్చింది. పక్కతెర సందులోంచి చూశాడు. ముందు వరస చివర ఆమె, ఒళ్లో చేతులు పెట్టుకుని, బడిపిల్లలా కూర్చుంది. రెండు పంక్తులయ్యాయి. ఎదుటివైపునుంచి మేనేజరు చెయ్యి ఊపాడు. గాయకుడికీ ముందే చెప్పినట్టుంది, గొంతు దించి, తెర కోసం ఆగాడు. తెర కదల్లేదు. ముసలాయన ఓరగా ఇటు చూశాడు. గుండెనిండా ఊపిరి పీల్చుకుని పైస్థాయికి ఎక్కాడు.

బస్సు కోసం ఎవరూ లేవలేదు. పాట మెట్లు దిగి వాలాకే తెర దిగింది, పసిపాపను పక్కలో పడుకోబెట్టినట్టు.

మేనేజరు కేకలు వెయ్యలేదు. "రేపటినుంచి రానక్కర్లేదు," అన్నాడంతే. అతను తలూపి, తాడును కొక్కేనికి ముడివేశాడు.

బయట ఎదురుచూస్తున్న ఆమె కాటుక చెదిరి ఉంది. "ఇన్నేళ్లూ గోడవతలనుంచి సగమే విన్నానండీ. ఎంత బాగా పోయాడో మహారాజు."

నాలుగడుగులు వేశాక అడిగింది: "మేనేజరుగారు ఏమన్నారు?"

"ఇంటికెళ్లమన్నాడు."

"వెళ్తున్నాంగా," అంటూ అతని చెయ్యందుకుంది. అరచేతి కాయల మీద ఆమె వేళ్లు ఆగాయి. "తొడుగు తెచ్చుకోలేదే?"

"ఉండనీ. వచ్చేవాడి చేతులు మెత్తగా ఉంటాయేమో."

ఆమె పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

లోపల తాడు ఇంకా కొద్దిగా ఊగుతోంది. రంగు వెలిసిన పువ్వుల మీద పిడికిలి నొక్కు అలాగే ఉంది.