లేడీస్ వెయిటింగ్ రూమ్ వాకిలి

రెండో కుండ నింపి, మూతిమీద తడిగుడ్డ పరచి, మునిరత్నమ్మ బల్లలు తుడుస్తూ ఉండగానే తిరుచానూరు బస్సు పిల్లలు వచ్చేశారు. ఆమె తుడుపుగుడ్డ పక్కన పడేసి, వాకిలి దగ్గరి ముక్కాలిపీట మీదికి చేరింది. ఒడిలో రెండు డబ్బాలు పెట్టుకుంది. గడప దాటి లోపలికి వచ్చిన ఒక్కొక్క అమ్మాయికి ఒక్కొక్క చింతగింజ కుడి డబ్బాలోంచి తీసి ఎడమ డబ్బాలో వేసింది. చదువు రాని మనిషికి అదే హాజరుపట్టీ. పంతొమ్మిదేళ్ళుగా అవే గింజలు. చేతుల రాపిడికి నునుపెక్కి, నల్లపూసల్లా మెరుస్తున్నాయి.

"ఆయమ్మా, ఈ పొద్దు మేము ఇరవై ముగ్గురం," అంది హాస్టలు పిల్ల రుక్మిణి. "నీ లెక్కకెంత?"

"నువ్వు గమ్మునుండు మే. నన్ను ఎంచుకోనీ."

ఎంచింది. ఇరవై నాలుగు వచ్చాయి. మళ్ళీ ఎంచితే ఇరవై మూడు. మొదటి లెక్కలో ఎక్కువ వచ్చే ఆ ఒక్క గింజ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. పదకొండేళ్ళుగా అది వస్తూనే ఉంది.

మునిరత్నమ్మకు యాభై ఆరేళ్ళు. పొడుగాటి మనిషి, ఎడమ చంకన బిందెలు మోసీ మోసీ నడుము ఆ పక్కకే ఒరిగిపోయింది. ఎప్పుడో అమ్ముకున్న కమ్మల బరువుకు సాగిన చెవి తమ్మెల్లో ఇప్పుడు చీపురుపుల్లల ముక్కలున్నాయి. పెనిమిటి బతికున్న రోజుల్లో తిరుచానూరు అమ్మవారి గుడి ముందర పూలు కట్టి అమ్మేది. ఆ వేళ్ళకు ఇంకా ఆ పని మరపు రాలేదు. ఊరకే కూర్చున్నప్పుడు బొటనవేలూ చూపుడువేలూ లేని దారాన్ని చుట్టి, లేని ముడి వేస్తూ ఉంటాయి. పెనిమిటి పోయిన ఏడు ఈ కళాశాలలో చేరింది. ఈనాటికీ ఆమెది ఖాయమైన ఉద్యోగం కాదు.

వరండా చివరనున్న ఈ గదిని లేడీస్ వెయిటింగ్ రూమ్ అంటారు. రెండు పొడుగాటి బల్లలు, పాదరసం రాలిన అద్దం, వెనక స్నానాలగది. కళాశాల మొత్తానికి ఆడవాళ్ళకు ఉన్న మరుగు అదొక్కటే. గంట కొట్టగానే అమ్మాయిలు తమంతట తాము తరగతికి పోరాదు. అధ్యాపకుడు ఈ వాకిలి ముందుగా నడవాలి. ఆయన వెనక, పుస్తకాలు గుండెకు అదుముకొని, తలలు దించుకొని వీళ్ళు నడవాలి. పాఠం అయ్యాక ఆయన వెనకే తిరిగి రావాలి. ఆ రాకపోకల పొడవునా వరండా స్తంభాలకు ఆనుకొని మగపిల్లలుంటారు.

"అబ్బా, కోడి ఎనకాల పిల్లలు పోతాండాయి సూడ్రా! బా బా బా!"

"నిన్ను పొదిగింది కూడా కోడేనా రా?" అని మునిరత్నమ్మ పీటమీద నుంచే అడిగేది. వాడి స్నేహితులే వాడిని చూసి నవ్వేవారు. ఆమె దగ్గర ఉన్న ఆయుధం ఆ నోరొక్కటే. దాన్ని ఆమె మగపిల్లల మీద మాత్రమే వాడింది.

గోడకు అద్దపు చట్రంలో నిబంధన వేలాడుతూ ఉంటుంది. అధ్యాపకుడు పిలిచినప్పుడు తప్ప విద్యార్థిని గది విడిచి వెళ్ళరాదు. ఆయా ఏ కారణం చేతనూ వాకిలి విడిచి వెళ్ళరాదు. మునిరత్నమ్మకు అక్షరాలు రావు గాని, ఆ రెండు వాక్యాలూ నోటికి వచ్చు.

పదిగంటల వేళ హెడ్ గుమాస్తా శఠగోపం వచ్చి, గడపకు ఇవతలే నిలబడ్డాడు. నామం చెమటకు కరిగి ముక్కుమీదికి దిగుతోంది.

"మునిరత్నమ్మా, ఈ పొద్దు అసెంబ్లీ నుంచి కమిటీ వాళ్ళు వస్తాండారు. కాలేజీల్లో ఆడపిల్లల్ని ఏడిపించేవాళ్ళ మీద చట్టం చేస్తారంట. నిన్నేమన్నా అడిగితే, అంతా బాగుండాది అని చెప్పు. అంతే."

"ఎప్పుడన్నా ఏమన్నా జరిగిందా అనడిగితే, స్వామీ?"

"ఏం జరిగింది? వాళ్ళు పంపిన కాగితంలో ఒక గడి ఉండాది. పదేండ్లలో ఫిర్యాదులెన్ని అని. దాంట్లో సున్నా పెట్టి నేనే టైపు కొట్టినాను."

"గోదమ్మ రాసిచ్చిన కాగితం?"

శఠగోపం ఉత్తరీయంతో నుదురు తుడుచుకున్నాడు. కొండవైపు చూశాడు.

"అది పదకొండేండ్ల నాటిది లే," అని చెప్పి వెళ్ళిపోయాడు.

గోదాదేవి డెబ్బై నాలుగులో బి.ఎస్సీ. చివరి ఏడు చదివేది. గుడిలో కైంకర్యం చేసుకునేవారి ఇంటి పిల్ల. సన్నని జడ, కుడి మణికట్టు మీద ఆమ్లం చుక్క పడి కాలిన మచ్చ. కెమిస్ట్రీ రికార్డులో పదహారు ప్రయోగాలుంటాయి. ఒక్కొక్కదాని కింద అధ్యాపకుడి సంతకం ఉండాలి. ఒక్కటి లోపించినా ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు. ఆ శాఖ అధ్యాపకుడు దామోదరం ఆ సంతకాలు తరగతిలో పెట్టేవాడు కాదు. ప్రయోగశాల వెనక గదిలో, ఒక్కొక్కరిని పిలిపించి, విడతకు రెండు చొప్పున పెట్టేవాడు. ఎవరిని పిలవాలో అటెండరు శాంతయ్య చేతికి చీటీ ఇచ్చి పంపేవాడు.

మొదటి చీటీ వచ్చిన రోజున గోదాదేవి అడిగింది.

"ఆయమ్మా, నువ్వు కూడా రారాదా?"

"నేను వాకిలి ఇడిస్తే ఈళ్ళనెవురు సూస్తారమ్మా? సారే గదా పిలిచినాడు. పో తల్లీ."

రెండోసారి పోయివచ్చి ఆ పిల్ల చాలాసేపు చేతులు కడుక్కుంది. తరువాత మెడ కడుక్కుంది. మూడో చీటీ వచ్చేసరికి స్నానాలగదిలోకి పోయి గడియ పెట్టుకుంది. శాంతయ్య వాకిట్లో కాచుకొని ఉన్నాడు. మునిరత్నమ్మ లేచి పోయి తలుపు కొట్టింది. ఒకసారి కాదు, అయిదారుసార్లు కొట్టింది. "సారు కాసుకోనుండాడు. బయటికి రామ్మా," అంది. లోపల గడియ తీసిన చప్పుడు అయింది. ఆ పిల్ల బయటికి వచ్చి, ఆమె ముఖంలోకి ఒక్కసారి చూసి, రికార్డు ఎత్తుకొని వెళ్ళింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే మోయడం కొంత తేలికయ్యేది.

ఆ పిల్ల మళ్ళీ గదికి రాలేదు; ఆ రోజు సాయంత్రం దాకా ఆమె గింజ కుడి డబ్బాలోనే ఉండిపోయింది.

గోదాదేవి నాలుగు పేజీల ఫిర్యాదు రాసిచ్చింది. కళాశాల పెద్దలు సమావేశమై ఒక తీర్మానం చేశారు. అందులో నేరం లేదు, నేరం చేసినవాడి పేరూ లేదు. ఆడపిల్లల కదలికలు మాత్రం ఉన్నాయి. గోడమీది చట్రం ఆ తీర్మాన ఫలమే. అంతవరకు నోటిమాటగా ఉన్న కట్టుబాటు ఆ రోజునుంచి అక్షరమై గోడకెక్కింది. గోదాదేవి చదువు మానేసింది. కంచిలో మేనత్త ఇంటికి పంపేశారన్నారు. నాలుగు నెలలకు పోయిందన్నారు. ఏ జబ్బో ఎవరూ చెప్పలేదు; అడగవలసిన వాళ్ళెవరూ అడగలేదు. దామోదరం ఇప్పుడు వైస్ ప్రిన్సిపాలు; కెమిస్ట్రీ రికార్డుల మీద సంతకాలు ఇప్పటికీ అతనివే.

గాలికి స్నానాలగది తలుపు కొట్టుకున్నప్పుడల్లా మునిరత్నమ్మ కుడిచేతి కణుపులు జివ్వుమంటాయి. తలుపు కొట్టిన చెయ్యి అదే.

పదకొండున్నరకు కమిటీ వచ్చింది. అయిదుగురు మగవాళ్ళు, ఒక ఆడమనిషి. హాలులో పూలదండలు, ఉపన్యాసాలు అయ్యాక దామోదరం వాళ్ళను వరండా వెంట నడిపించుకొని వచ్చాడు. నెరిసిన జుట్టు నున్నగా దువ్వి ఉంది. తెల్లని చొక్కా మీద ఒక్క మరక లేదు.

"ఇక్కడికి పురుగు కూడా దూరదండీ. ఈ మునిరత్నమ్మ పంతొమ్మిదేళ్ళుగా ఈ గడప వదల్లేదు," అన్నాడు, తన సొంత ఇంటి సింహద్వారం చూపుతున్నవాడిలా.

"ఇట్లాంటి ఏర్పాటు ప్రతి కాలేజీలో ఉంటే చట్టాలెందుకండీ?" అన్నాడు అధ్యక్షుడు, గడియారం చూసుకుంటూ. అందరూ నవ్వారు. సాయంత్రం వాళ్ళకు కొండమీద దర్శనం ఉంది. మునిరత్నమ్మను ఎవరూ ఏమీ అడగలేదు. పొద్దుటినుంచి నాలుక కింద అణచిపెట్టుకున్న మాట అక్కడే ఉండిపోయింది. వాళ్ళు భోజనాలకు మళ్ళారు.

కొంతసేపటికి ఆ ఆడమనిషి ఒక్కతే తిరిగి వచ్చింది. పేరు చంద్రకాంతమ్మ. మదనపల్లె వైపు మనిషి. లావుపాటి కళ్ళద్దాలు, నూలు చీర, చంకన తోలుసంచి. స్నానాలగది ఎక్కడ అని అడిగింది. అమ్మాయిలు అప్పుడు తరగతిలో ఉన్నారు. బయటికి వచ్చాక మునిరత్నమ్మ చెంబుతో చేతులమీద నీళ్ళు పోసింది. పోస్తూనే అడిగింది.

"అమ్మా, మీరు చేసే చట్టంలో, సారు పిలిస్తే పిల్ల పోవాల్నా? పోనక్కరలేదా?"

చంద్రకాంతమ్మ చేతులు నీళ్ళకింద ఆగిపోయాయి.

"ఏ సారు?"

మునిరత్నమ్మ చెప్పింది. చీటీ, రికార్డు, గడియ, కంచి. ఏడవలేదు, గొంతు పెంచలేదు. పూలు కట్టినట్టు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చెప్పింది. అంతా విన్నాక చంద్రకాంతమ్మ బల్లమీద కూర్చుని, సంచిలోంచి ముసాయిదా తీసి, ఒకచోట వేలు పెట్టి చదివింది.

"ఏ విద్యార్థి గానీ, బయటి వ్యక్తి గానీ... ఇంతే ఉంది. అధ్యాపకుడన్న మాట లేదు."

"యాలమ్మా లేదు?"

"రాసినవాళ్ళకు తట్టలేదేమో." కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "తట్టింది కాబట్టే లేదేమో."

"ఇప్పుడు రాయొచ్చు గదా?"

"రాయాలంటే నేనొక్కదాన్నే అడగాలి. వాళ్ళు అయిదుగురు. నీ మాట కాగితం మీదుంటే అడిగేదానికి నాకు నోరుంటుంది. వేలిముద్ర వేస్తావా? బాగా ఆలోచించుకో. తెలిస్తే నీ పని పోతుంది."

మునిరత్నమ్మ ఇంట పొయ్యి వెలిగేది ఈ పీట మీద కూర్చున్నందుకే. ఆమె వేళ్ళు లేని దారాన్ని రెండు చుట్లు చుట్టాయి.

"రాసుకోమ్మా. నేను తలుపు కొట్టినానని కూడా రాయి. దాన్ని మాత్రం ఇడిసిపెట్టొద్దు."

"అది నీకే మచ్చ కదా?"

"నాది నాకుండనీ. అది లేకుంటే మిగతాది అబద్ధమైపోతాది."

చంద్రకాంతమ్మ రాసి, రాసినదంతా చదివి వినిపించింది. కలం విప్పి బొటనవేలికి సిరా పూసింది. వేలు కాగితం మీద ఆనుతుండగా బయట జీపు హారను మోగింది.

"కమిటీ ముందు పెడతాను," అంది చంద్రకాంతమ్మ, కాగితం సంచిలో పెట్టుకుంటూ. "ఏమవుతుందో చెప్పలేను."

జీపులు అలిపిరి దారి పట్టాయి. వరండాలో రాలిన బంతిరేకలు శాంతయ్య చిమ్మేశాడు. మూడున్నరకు అదే శాంతయ్య చీటీ తెచ్చాడు.

"రుక్మిణమ్మను రికార్డు తీసుకోని రమ్మన్నాడు సారు."

రుక్మిణి లేచింది. రికార్డు అట్టమీద ఆ పిల్ల వేళ్ళు తెల్లబడ్డాయి. తోడు రమ్మని అడగలేదు. ఈ పదకొండేళ్ళలో ఏ పిల్లా అడగలేదు. అడిగి ప్రయోజనం లేదన్నది ఒకరినుంచి ఒకరికి తెలిసిపోయి ఉండాలి.

మునిరత్నమ్మ డబ్బాలు పీటమీద పెట్టి నిలబడింది.

"పద మే, నేనూ వస్తాను."

శాంతయ్య బిత్తరపోయాడు. "నువ్వు యాడికి? వాకిలి ఎవురు సూస్తారు?"

"వాకిలి యాడికీ పోదు లేప్పా."

పనివేళలో ఆమె ఆ వరండా దాటడం అదే మొదలు. నలభై అడుగులు కూడా లేదు. ముందు ఆమె, వెనక రుక్మిణి. స్తంభం దగ్గర ఒకడు "బా" అని మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి మానేశాడు. పెద్దవాళ్ళ గదిలోకి కింది ఉద్యోగులు చెప్పులతో పోరాదు గనుక, ఆమె తన టైరు చెప్పులు తలుపు బయట విడిచి లోపలికి వెళ్ళింది.

దామోదరం తల ఎత్తాడు. "ఏం మునిరత్నమ్మా? ఈడ నీకేం పని?"

"పిల్లకు తోడొచ్చినాను సార్."

"తోడెందుకు? ఈడ పులి గిలి ఉండాదా?"

"పులయితే అరుస్తాది సార్. పిల్లలే పారిపోదురు. మీరు సంతకాలు పెట్టండి, నేను నిలబడుకోనుంటాను."

గదిలో ఏదో ఆమ్లం వాసన. కిటికీకి అడ్డంగా బీరువా. గోదాదేవి చూసిన గది ఇదే అని మునిరత్నమ్మ అనుకుంది. ఇంత చిన్నదని అనుకోలేదు. రుక్మిణి పక్కన ఇంకెవరో నిలబడి ఉన్నట్టు అనిపించింది. ఆమె అటు తిరిగి చూడలేదు. ఈసారి లెక్క తప్పు కాదని మాత్రం తోచింది.

దామోదరం కలం తీశాడు. ఆమె బొటనవేలి సిరా వంక ఒకసారి చూశాడు. పదహారు సంతకాలు పెట్టడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

అయిదింటికి శఠగోపం మళ్ళీ వచ్చాడు. ఈసారి గడపకు మరింత దూరంగా నిలబడ్డాడు.

"వాకిలి ఇడిసిపెట్టి పోయినావంట. రూలుండాది గదా. రేపటినుంచి రావద్దన్నాడు సారు."

"మంచిది స్వామీ."

తాళంచెవి అతని చేతికిచ్చింది. కుండల్లో మిగిలిన నీళ్ళు కానుగ చెట్టు మొదట్లో పారబోసి, కుండలు బోర్లించింది. కొంగు బిగించి మెట్లు దిగింది.

"చెప్పులేవీ?" అన్నాడు శఠగోపం, ఆమె వట్టి కాళ్ళు చూసి.

"సారు గది తావ ఇడిసినాను."

"పోయి తెచ్చుకో. రోడ్డు కాలతా ఉండాది."

"ఆడుండనీ లే స్వామీ."

ఆమె ఎడమపక్కకు ఒరిగిన నడుముతో, పొట్టి పొట్టి అడుగులు వేసుకుంటూ గేటు దాటి, తిరుచానూరు రోడ్డు మీద జనంలో కలిసిపోయింది.

ప్రయోగశాల వెనక, మూసిన తలుపు ముందర, మడమల దగ్గర అరిగి మేకులు తేలిన ఆ టైరు చెప్పుల జత, లోపల ఎవరో నిలబడి ఉన్నట్టే, మొనలు గదివైపు తిరిగి ఉంది.