శేషం లేని సంఖ్య

ఇత్తడి పలకను దిమ్మె మీద సరిచేసి, ఒకటి అంకె అచ్చును నిటారుగా నిలిపి సుత్తితో ఒక్క దెబ్బ వేసింది. రెండో దెబ్బ వేస్తే అంకె చెదురుతుంది. ఆ పంపుల కర్మాగారంలో ప్రతి పంపుకూ వరుస సంఖ్య కొట్టేది ఆమే. అందరూ లెక్కలక్క అంటారు. వెక్కిరింతగా పెట్టిన పేరు వాడగా వాడగా మర్యాదైంది.

మధ్యాహ్నం నుంచి ఆ పని యంత్రానిది. పక్క గదిలో దాన్ని బిగిస్తున్నారు. రేపటి నుంచి ఆమె పెట్టెలు కట్టే విభాగంలో. అందుకు దిగులు లేదు. భోజనం గంట కొట్టేలోపు 510510 తన చేతి మీదుగా వెళ్లాలి, అంతే. వరుస ఐదు లక్షలు దాటినప్పటి నుంచీ దానికోసం కాచుకుని ఉంది.

రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు. దేనితో భాగించినా శేషం మిగలదు. ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యలకు ఇలా లొంగేవాటిలో అన్నిటికన్నా చిన్నది ఇదే. చిన్నప్పుడు ఇంట్లో ఏది పంచినా, అందరి వాటాలూ పోగా మిగిలింది ఆమెకు దక్కేది. ఒక్కోసారి ఏమీ మిగిలేది కాదు. భాగహారం మీద తన మోజుకు మూలం అక్కడుందని ఆమెకు తెలుసు. తెలిసినా మోజు తగ్గలేదు.

ఆరు అంకెలూ ఒకే లోతున దిగాయి. తనిఖీ చేసే బట్టతలాయన పలకను ఎత్తి చూసి, తుక్కు డబ్బాలోకి విసిరాడు.

“అదేంటి, పారేశావ్?”

“ఐదొందల పది రెండుసార్లు కొట్టావక్కా! చివరిరోజు కదా, చెయ్యి తడబడింది. పర్లేదులే, మెషిన్ కొడుతుంది.”

ఆమె డబ్బాలోంచి పలకను తీసి, తుడిచి, అంతకుముందు కొట్టిన 510509 పక్కన పెట్టింది.

“ఈ ముందుదాని తర్వాత ఏమొస్తుందో నువ్వే చెప్పు.”

“ఐదు లక్షల పదివేల ఐదొందల... ఓరి నాయనో!” నాలుక కరుచుకున్నాడు.

“సర్లే. మీ ఇంటి నంబరెంత?”

“రెండొందల నలభై ఎనిమిది. ఎందుకూ?”

“పక్కనే మళ్లీ అదే రాయి. ఏడుతో భాగించు. వచ్చినదాన్ని పదకొండుతో, దాన్ని పదమూడుతో.”

అతను సుద్దముక్కతో బల్ల మీద లెక్క మొదలుపెట్టాడు. “ఎక్కాలకు ఎప్పుడో నీళ్లొదిలేశాను, నవ్వకు.” చివరికి తేలింది చూసి కెవ్వుమన్నాడు. “గారడీ చేశావక్కా! మా ఇల్లు మళ్లీ మాకే వచ్చింది!”

“గారడీ లేదు, గాడిదగుడ్డూ లేదు. మూడంకెల సంఖ్య పక్కనే మళ్లీ అదే రాస్తే వెయ్యిన్నొకటితో హెచ్చవేసినట్టే. ఆ మూడూ దాన్లో ఉన్నాయి. రెండూ, మూడూ, ఐదూ, పదిహేడూ ఐదొందల పదిలో ఉన్నాయి. ఏడుగురొచ్చి కూర్చున్నా ఈ సంఖ్య దగ్గర ఎవరి వాటాకీ లోటు రాదు.”

అతను పలకను స్వయంగా పంపుకు బిగించి, అందరికీ కనిపించేలా తిప్పి పెట్టాడు. “ఇదిగో, చూడండర్రా! మా అక్క చేతి దెబ్బ!”

గంట మోగింది. ఆమె నడుం నిటారు చేసుకుని, చూస్తున్నవాళ్ల మధ్యనుంచి తలెత్తి నడిచి వెళ్లిపోయింది. భోజనాల తర్వాత, ఆ ఏడింటిలో దేనితో భాగించినా ఒకటి మిగిలే సంఖ్యతో యంత్రం పని మొదలుపెట్టింది.

దిమ్మె మీద ఆమె తోలు వేలితొడుగు ఉంది, వంగిన బొటనవేలి ఆకారంలోనే.